ఎదురింటి పెద్దమ్మ చేసిన సర్వే

ముప్పై ఏళ్లకు పైగా నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా బంధువుల్లో ఒక్కరికీ సరిగా అర్థం కాలేదు. పెళ్లిళ్లలో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగేవారు. "ఆర్థికశాస్త్ర పరిశోధన సంస్థలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ని" అనేవాణ్ని. వాళ్లు గౌరవంగా తలూపి, కుర్చీ కాస్త దగ్గరకు లాక్కుని, "అయితే ఇప్పుడు ఏ షేర్లు కొనమంటారు?" అనేవారు. షేర్ల సంగతి నాకేం తెలుసు? నా పని తెలియని వాళ్ల తలుపు తట్టి, "నిన్న మీ ఇంట్లో అంట్లు ఎవరు తోమారు?" అని అడగడం. ఈ నిజం ఒకసారి మా మామగారికి చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "దీనికి జీతం నెలనెలా ఇస్తారా?" అన్నారు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న అబ్బాయిలూ అమ్మాయిలూ చేతిలో ట్యాబ్ పెట్టుకుని చకచకా నొక్కేస్తున్నారు. సంతోషం. అయితే రిటైరైన నన్ను ఎప్పుడైనా మీ శిక్షణ తరగతులకు పిలిస్తే, నేను సాధించినవాటి గురించి చెప్పను. అవి రెండో మూడో ఉంటాయి, మీకు నిద్రొస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో నేను చేసిన ఘనకార్యం గురించి చెబుతాను. మెమో తెచ్చిపెట్టిన పని అది. మొత్తం సర్వీసులో నాకొచ్చిన ఏకైక మెమో.

మా సంస్థలో అప్పుడు ఒక ప్రొఫెసర్ మేడమ్ ఇంటిపని మీద పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీలో మనిషి ఎనిమిది గంటలు పనిచేస్తే దాన్ని దేశం లెక్కలోకి తీసుకుంటుంది, ఇంట్లో మనిషి పన్నెండు గంటలు పనిచేస్తే తీసుకోదు, కాబట్టి ఆ పని ఎవరు చేస్తున్నారో, ఎంతసేపు చేస్తున్నారో ముందు తెలుసుకుందాం అన్నది ఆమె ఆలోచన. మంచి ఆలోచన. చిక్కల్లా తెలుసుకోవడంలోనే వచ్చింది.

మొదట భార్యాభర్తల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి ఒకే ప్రశ్నలు అడిగాం. ఎల్‌బీ నగర్‌లో ఒక ఇంట్లో హాల్లో కూర్చున్న భర్త నాతో, "పిల్లలకు స్నానం చేయించడం, తల దువ్వడం రోజూ నా డ్యూటీయే సార్" అన్నాడు. అంతా రాసుకున్నాను. లోపలి గదిలో ఆయన భార్యను ప్రశ్నలడుగుతున్న మా సహోద్యోగిని బయటికి వచ్చి నా చెవిలో, "సార్, పెద్ద పిలగాడు ఇంజనీరింగ్ చదువుతుండు. చిన్నోడు ఇంటర్. ఈయన ఎవలకు స్నానం చేపిస్తుండు సార్?" అంది.

ఈ అమ్మాయిది నల్లగొండ దగ్గర పల్లె. ఎల్‌బీ నగర్‌లో హాస్టల్లో ఉండేది. కాంట్రాక్టు ఉద్యోగం, ప్రతి మార్చిలో పొడిగిస్తారో లేదో తెలియదు. వయసులో నాకు సగం, తెలివిలో రెట్టింపు. ఆ రెండో సంగతి నేను ఒప్పుకోవడానికి కొంతకాలం పట్టింది.

ఇలాంటి ఫారాలు గుట్టలుగా వచ్చేసరికి మేడమ్ విసిగిపోయారు. "ఇక అడగొద్దు. వెళ్లి చూడండి" అన్నారు.

చూడటమంటే ఇదీ పద్ధతి. చీటీలు వేసి ఎంచుకున్న ఇంట్లో మేమిద్దరం వరసగా మూడు రోజులు, పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా కూర్చోవాలి. నేను హాల్లో, ఆ అమ్మాయి వంటింటి గుమ్మం దగ్గర. పది నిమిషాలకొకసారి ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారో ప్యాడ్ మీద గుర్తు పెట్టాలి. మాట్లాడకూడదు. సాయం చేయకూడదు. ఆ ఇంట్లో మంచినీళ్లు తప్ప ఏమీ తాగకూడదు. "మీరు అక్కడ గోడలాగా ఉండాలి" అన్నారు మేడమ్. నేను సరేనన్నాను. నా శరీరం చూసినవాళ్లెవరైనా ఆ పని నాకు తేలికేననుకుంటారు.

మొదటి చీటీ దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో ఉన్న అపార్ట్‌మెంట్‌కు పడింది. రెండో అంతస్తులో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆయన కోచింగ్ సెంటర్లో లెక్కల మాస్టారు. తెల్లవారుజామున ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్, మధ్యలో అంతా ఇంట్లోనే. ఆమె ఇంటి నుంచే ఒక కంపెనీకి కంప్యూటర్ మీద పనిచేసేది. ఒక పాప, మూడో తరగతి.

మాస్టారు తొమ్మిదింటికి ఇంటికొచ్చారు. హాల్లో నేను ప్యాడ్ పట్టుకుని కనిపించాను. ఒక్క క్షణం నన్ను చూశారు, ప్యాడ్ చూశారు, నేరుగా వెళ్లి చీపురు తీసుకున్నారు.

ఆయన చీపురు పట్టుకున్న తీరు నాకిప్పటికీ కళ్లకు కడుతుంది. క్రికెట్ బ్యాటు పట్టుకుని, బంతి ఎటు నుంచి వస్తుందో తెలియక నిలబడ్డట్టు. భార్య కంప్యూటర్ ముందు నుంచి కళ్లజోడు పైకెత్తి చూసి, "ఏవండీ, బాగానే ఉన్నారా?" అని అడిగింది.

"రోజూ చేసేదేగా" అన్నారాయన, నాకు వినిపించేలా.

"రోజూ" అనే మాట దగ్గర మూడో తరగతి పాప ఫక్కున నవ్వింది. నేను గోడను కనక నవ్వలేదు.

మధ్యాహ్నానికి మాస్టారు బెండకాయలు కోశారు, వేలు కోసుకున్నారు, బట్టలు ఆరేశారు, తడిపిన నేల మీద తానే కాలు జారారు. గుర్తులు పెట్టీ పెట్టీ నా చెయ్యి నొప్పెట్టింది. రెండో రోజూ అంతే. మూడో రోజు సాంబారు. అది ఎలా ఉందో నాకు తెలియదు, నిబంధన ప్రకారం తినలేదు. ఆ అమ్మాయి మాత్రం రంగు చూసి, "సార్, నిబంధన మంచిదే" అంది.

ఈ మూడు రోజులూ ఎదురు ఫ్లాట్ నుంచి ఒక పెద్దమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసేది. డెబ్బై ఏళ్లుంటాయి. నల్లగొండ జిల్లా మనిషి. కొడుకు ఎల్‌బీ నగర్‌లో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నడుపుతాడు, కోడలు ప్రైవేటు దవాఖానలో నర్సు. వాళ్లిద్దరూ పొద్దున్నే వెళ్లిపోతే ఇక పెద్దమ్మకు మేమే టీవీ.

మూడో రోజు మధ్యాహ్నం మాస్టారు కూరగాయలకని బజారుకెళ్లారు. నాకు ఏమీ తోచలేదు. పెద్దమ్మ లోపలికొచ్చి నా పక్కన నేల మీద చతికిలబడింది.

"పొద్దటిసంది గీతలు గీస్తున్నవ్. గిదేంది సారూ?" అంది.

మాట్లాడకూడదు. కానీ మూడు రోజులుగా నోరు మూసుకుని ఉన్నాను. ముప్పై ఏళ్ల సర్వీసులో నా పని గురించి ఇంత శ్రద్ధగా అడిగిన మొదటి మనిషి ఆమే. అంతే, మొత్తం చెప్పేశాను. ఇంటిపని కూడా పనేనని, దాన్ని ఎవరూ లెక్కపెట్టరని, పది నిమిషాలకో గుర్తు ఎలా పెట్టాలో, రోజు చివర ఎలా కూడాలో అన్నీ. ఆమె రెప్ప వేయకుండా విన్నది.

"నా పెండ్లయినప్పటి సంది ఎవలన్న గిట్ల గీసి ఉంటే ఎన్ని పుస్తకాలు నిండేటివో" అంది చివరికి. ఆ మాటకు నేను కరిగిపోయాను. నా సంచీలో సంస్థ ముద్ర ఉన్న ప్యాడ్లు రెండు అదనంగా ఉన్నాయి. ఒకటి తీసి, పెన్నుతో సహా ఆమె చేతిలో పెట్టాను. పాత గుర్తింపు కార్డు తాడు ఒకటి సంచీ అడుగున ఉంటే, ముచ్చటపడుతోంది కదా అని అదీ ఇచ్చేశాను.

"నాకు అంకెలొస్తయ్ బిడ్డా, అక్షరాలు రావు" అంది పెద్దమ్మ.

"బొమ్మలేసుకోండి" అన్నాను నవ్వుతూ.

పిల్లలూ, శిక్షణ తరగతుల్లో మీకు ఏం చెప్పినా చెప్పకపోయినా, సంస్థ ముద్ర ఉన్న ప్యాడ్ ఎవరికీ ఇవ్వకండి.

అదే అపార్ట్‌మెంట్‌లో చీటీలు పడ్డ మరో నాలుగు ఫ్లాట్లున్నాయి. తర్వాతి రెండు వారాల్లో అవీ పూర్తిచేశాం. అక్కడ చూసింది నమ్మలేకపోయాం. ఒక ఇంట్లో బ్యాంకు మేనేజరు సాయంత్రం ఇంటికి రాగానే ఇడ్లీపిండి రుబ్బుతున్నాడు. ఇంకో ఇంట్లో భర్త చొక్కాలే కాదు, భార్య చీరలు కూడా ఇస్త్రీ చేస్తున్నాడు. మేం బెల్లు కొట్టేసరికి తలుపు తీసేది మగవాళ్లే, చేతిలో ఏదో ఒక గరిటె ఉండేది.

ఫారాలు చూసి మేడమ్ కళ్లు మెరిశాయి. "ఒకే అపార్ట్‌మెంట్‌లో ఇంత మార్పా! ఇక్కడ ఏదో జరుగుతోంది" అన్నారు. రెండు నెలల తర్వాత ఉన్న పెద్ద సదస్సులో ఈ ఐదు ఇళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలని నిర్ణయించుకున్నారు. గోడలాగా కూర్చున్నందుకు నన్ను అందరి ముందూ మెచ్చుకున్నారు. నేను ఆ రోజు ఆఫీసులో కొంచెం ఛాతీ విరుచుకుని నడిచాను.

ఆ అమ్మాయి మాత్రం మూతి ముడుచుకుంది. "సార్, ఆ మేనేజర్ సార్ పిండి రుబ్బిండు గదా, గ్రైండర్ల నీళ్లెన్ని పోయాల్నో భార్యను ఏడుసార్లు అడిగిండు. రోజూ చేసేటోడు అడుగుతడా?"

"నువ్వు మరీ అనుమానిస్తున్నావమ్మా. మనుషులు మారుతున్నారు" అన్నాను.

"ఒక్క బిల్డింగులనే అందరు ఒక్కపారే మారిండ్రా సార్?" అంది.

నేను లేచి టీకి వెళ్లాను. అది నా అలవాటు.

రెండు నెలలు గడిచాయి. సదస్సుకు వారం ఉందనగా ఆ అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు మేడమ్‌కు ఫోన్ చేశాడు. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, గొంతు ఫోన్లోంచి గది బయటికి వినిపించింది. "మేడమ్, పరిశోధన అంటే మేం సహకరించాం. కానీ రెండు నెల్లా? మీ సర్వే ఎప్పుడు అయిపోతుంది? మావాళ్లు నడుములు పట్టేసి పడుకుంటున్నారు!"

మేడమ్ ఫోన్ పెట్టేసి నా వైపు చూశారు. "మన పని అక్కడ ఎప్పుడో అయిపోయిందిగా?"

"అయిపోయిందండీ" అన్నాను. అప్పటికి ఇంకా నాకు ఏమీ తట్టలేదు. ఆ అమ్మాయి ముఖం మాత్రం పాలిపోయింది. "సార్, మీరు అవ్వకు ప్యాడ్ ఇచ్చిండ్రు గదా" అని గొణిగింది.

ఆదివారం పొద్దున ముగ్గురం మెట్రో దిగి ఆ సందులోకి నడిచాం. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, స్కూటర్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేసి పదిహేను మంది మగవాళ్లు కూర్చున్నారు. వాళ్ల వెనక మెట్ల మీద ఆడవాళ్లు నిలబడ్డారు. మగవాళ్ల ముఖాల్లో అలసట, ఆడవాళ్ల ముఖాల్లో ఏదో దాచుకున్న ప్రశాంతత.

అధ్యక్షుడు లేచాడు. "చూడండి మేడమ్. మీ ఆఫీసు తరఫున ఒక పెద్దమ్మ రోజుకొక ఫ్లాట్‌కు వస్తుంది. మెళ్లో కార్డు తాడు, చేతిలో మీ ముద్ర ఉన్న ప్యాడ్. ఏమీ మాట్లాడదు. ఒక మూల కూర్చుని మమ్మల్నే చూస్తుంది. పది నిమిషాలకొకసారి గడియారం చూసి ఏదో గీస్తుంది. క్రికెట్ మ్యాచ్ పెట్టుకుందామంటే ధైర్యం చాలదు."

"రాత యూనివర్సిటీకి పోతుందని చెప్పిందండీ మా ఆవిడ" అన్నాడు బ్యాంకు మేనేజరు దీనంగా. "ప్రమోషన్ టైమ్‌లో ఎందుకొచ్చిన గొడవ అని చేస్తూ పోయాను."

మేడమ్ నెమ్మదిగా, "మేం అలాంటి మనిషిని ఎవరినీ పెట్టలేదండీ" అన్నారు.

పైన ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది.

"అంటే మోసమా?" అధ్యక్షుడి గొంతు లేచింది. "పిలవండి ఆ పెద్దమ్మను! ఇవాళే మీ సంస్థకు రాసిస్తాం. అవసరమైతే పోలీసు కంప్లైంటు!"

పెద్దమ్మ మెట్లు దిగి వచ్చింది. మెళ్లో నేనిచ్చిన తాడు, చంకలో ప్యాడ్. ఆమె కొడుకు తల దించుకున్నాడు. "అమ్మా, నువ్వు చేసింది ఇదా? గుడికి పోతున్న అన్నవ్ గదే!"

"పోయొచ్చినంకనే పన్లకు దిగిన" అంది పెద్దమ్మ.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నాకు ఉద్యోగం ఇంకా నాలుగేళ్లుంది. పక్కన నిలబడ్డ అమ్మాయికి మార్చి దగ్గరపడింది. మేడమ్ సదస్సుకు వారం ఉంది. పెద్దమ్మ ఆ ప్యాడ్ దొంగిలించిందని నేను అనుంటే అందరూ నమ్మేవాళ్లు. ఆమె కూడా కాదనేది కాదేమో, ఆమె చూపులో నా మీద అంత నమ్మకం ఉంది. రెండు క్షణాలు, నిజం చెప్పాలంటే నాలుగైదు క్షణాలు, ఆ ఆలోచన నా నోటి దాకా వచ్చింది. ఇంతలో పెద్దమ్మ నన్ను చూసి, బడిలో టీచర్ను చూసిన పిల్లలా నవ్వి, "సారూ, ఒక్క పది నిమిషం గూడ ఇడువలే, సూస్కో" అని ప్యాడ్ చాచింది.

"ఆ ప్యాడ్ నేనిచ్చానండీ" అన్నాను. "తాడు కూడా నేనే ఇచ్చాను. ఎలా రాయాలో కూడా నేనే నేర్పాను. ఆమె తప్పు లేదు, ఈ అమ్మాయికి సంబంధం లేదు."

గోడకు నోరొచ్చింది. మేడమ్ నన్ను చూసిన చూపు గురించి రాయను.

ఆమె ప్యాడ్ తీసుకుని తెరిచారు. తర్వాత ఒక స్కూటర్ సీటు మీద కూర్చున్నారు. పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. నేను భుజం మీదుగా తొంగిచూశాను.

అక్షరం ముక్క లేదు. ఎడమవైపు గంటలు, నిమిషాలు వరసగా అంకెల్లో. పక్కన బొమ్మలు. గరిటె అంటే వంట. బకెట్ అంటే ఉతుకుడు. చీపురు చీపురే. మంచం అంటే నిద్ర. నలుచదరపు డబ్బా అంటే ఫోను. పొట్టి జడ ఉంటే భార్య, మీసం ఉంటే భర్త. మా ఫారాలకు కూడా అంత శుభ్రం ఎప్పుడూ రాలేదు.

మొదటి పేజీలు మాస్టారి ఇల్లు, మేం ఉన్న మూడో రోజు. గుమ్మంలో నిలబడి చూసిందంతా ప్యాడ్ చేతికి రాగానే వేసినట్టుంది. కుర్చీలో ఒక బొద్దు మనిషి బొమ్మ. నేనే. ఆ మనిషి ఉన్నంతసేపూ మీసం పక్కన చీపురు, గరిటె, బకెట్. మధ్యలో రెండు చోట్ల కుర్చీ ఖాళీగా ఉంది, పక్కన టీ కప్పు. మేమిద్దరం టీకి కిందికి దిగిన సమయాలు. అక్కడ మీసం పక్కన డబ్బా, డబ్బా, మంచం. కుర్చీలోకి బొద్దు మనిషి తిరిగొచ్చాడు, మళ్లీ చీపురు.

మిగతా నాలుగు ఇళ్లదీ అదే కథ. మేం వెళ్లడానికి రెండు రోజుల ముందే పెద్దమ్మ ఆ ఇళ్లలో కూర్చుంది. ఆడవాళ్లే పిలుచుకున్నారు. మేం బెల్లు కొట్టేసరికి మగవాళ్లు తయారై ఉన్నారు. మేడమ్ సదస్సులో చెప్పాలనుకున్న మార్పు అదన్నమాట.

ఇంకో పేజీలో ఆ బొద్దు మనిషే కుర్చీలో తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని ఉన్నాడు. పక్కన మంచం బొమ్మ. రెండు పది నిమిషాలు.

"ఇది ఎవరు?" అన్నారు మేడమ్.

"గా సారే" అంది పెద్దమ్మ. "మంచిగనే నిద్రపోయిండు. లేపుదామంటే, మాట్లాడొద్దని ఆయననే చెప్పిండాయె."

మేడమ్ పెదవులు బిగించి నేల వైపు చూశారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని కంగారుపడ్డాను. తల ఎత్తితే కళ్లలో నీళ్లున్నమాట నిజమే, కానీ అది నవ్వు. ఆపుకోలేక స్కూటర్ హ్యాండిల్ పట్టుకున్నారు, హారన్ మోగింది.

ఆ హారన్‌కు అందరూ ఉలిక్కిపడ్డారు. మెట్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు పై మెట్టుకు పాకింది. అధ్యక్షుడు మాత్రం పట్టు వదల్లేదు. "నవ్వులాట కాదండీ! రెండు నెలలు మాతో ఊడ్పించారు!"

పెద్దమ్మ కోడలు ముందుకొచ్చింది. నైట్ డ్యూటీ చేసి అప్పుడే వచ్చిందేమో, ఇంకా దవాఖాన యూనిఫామ్‌లోనే ఉంది. "ఊడిస్తే ఏమైంది అంకుల్? చేతులు అరిగినయా? గీ రెండు నెల్లు మీ అందరిని జూసి ఈయన గూడ రాత్రి వంట చేసిండు, డ్యూటీకెల్లి వచ్చినంక నేను వేడి అన్నం తిన్న. పెండ్లయినంక మొదటిసారి."

ఆమె భర్త ఇంకా కిందికి దించాడు తల.

లెక్కల మాస్టారు లేచి నిలబడ్డారు. ఆయన కూడా మాపై విరుచుకుపడతారనుకున్నాను. ఆయన గొంతు సవరించుకుని, "అంటే... నా సాంబారు ఇప్పుడు బాగానే కుదురుతోందండీ" అన్నారు. "కంప్లైంటులో నా పేరు వద్దు."

"నాన్నా, బాగానే కాదు, బాగుంది" అంది మెట్ల మీది నుంచి పాప.

ఆ తర్వాత కంప్లైంటు రాయడానికి ఎవరి చెయ్యీ లేవలేదు. అధ్యక్షుడు తెల్లకాగితం పట్టుకుని చుట్టూ చూశాడు. ఆయన భార్య పై నుంచి, "రాద్దురు గానీ, ముందు పైకి రండి. పాలు పొయ్యి మీద పెట్టింది మీరేగా" అంది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్లిపోయాడు.

ఇక అందరూ లేచేలోగా మేడమ్ పెద్దమ్మ దగ్గరికి వెళ్లారు. "అమ్మా, మాతో పనిచేస్తారా? జీతం ఇస్తాం. సైదాబాద్‌లో వచ్చే నెల కొత్త ఇళ్లు చూడాలి."

పెద్దమ్మ గట్టిగా ఆలోచించింది. "ఒస్తా. కానీ నేనొస్తే ఇంట్ల పొద్దున వంట ఎవలు చేస్తరు?"

అందరూ ఆమె కొడుకు వైపు చూశారు. పదిహేను మంది మగవాళ్లు, మెట్ల నిండా ఆడవాళ్లు, యూనిఫామ్‌లో భార్య. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లారీ డ్రైవర్లను గదమాయించే మనిషి, మెల్లగా, "నేను చేస్త" అన్నాడు.

"మళ్లొకపారి గట్టిగ చెప్పు" అంది పెద్దమ్మ. "గీ సారుకు ఇనబడలే."

"నేను చేస్తా అమ్మా!"

నేను ప్యాడ్ తీసి గుర్తు పెట్టుకున్నాను. అలవాటు.

మేడమ్ సదస్సులో ఆ ఐదు ఇళ్ల గురించి చెప్పారు, అయితే వేరే రకంగా. మేం కూర్చుంటే మనుషులు మారిపోతారని, మేం చూసింది వాళ్ల ఇల్లు కాదని, మేం కూర్చున్న ఇల్లని ఒప్పుకున్నారు. ఆ ఫారాలు పక్కన పెట్టేశారు. సంస్థలో పెద్దలు ఆమెను రెండు కమిటీల ముందు నిలబెట్టారు. నాకు మెమో ఇచ్చారు: "సంస్థ సామగ్రిని అనధికార వ్యక్తికి అప్పగించుట, విధి నిర్వహణలో నిద్రించుట." రెండో ఆరోపణకు ఆధారంగా పెద్దమ్మ బొమ్మ జిరాక్స్ జతచేశారు. ఆ అమ్మాయి కాంట్రాక్టు మార్చిలో పొడిగించారు. ఆ తర్వాత రెండేళ్లకు పరీక్ష రాసి ఆమె నా పై అధికారి అయింది. ఇప్పటికీ నన్ను సార్ అనే పిలుస్తుంది, ఎక్కువ గుచ్చుకునేది అదే.

పెద్దమ్మతో మొదటి రోజు సైదాబాద్‌లో పాత ఇళ్ల మధ్య ఒక మేడ ఇంటికి వెళ్లాం. యాభై ఏళ్ల ఇంటాయన మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి, కాలు మీద కాలేసుకుని, "మా ఇంట్లో అయితే పనంతా దాదాపు నేనే చూసుకుంటానండీ. వంటతో సహా" అన్నాడు. లోపలి నుంచి ఏ చప్పుడూ రాలేదు. నేను రాయబోయాను.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన వైపు తిరిగి ఎంతో ఆప్యాయంగా, "అట్లనా బిడ్డా. మంచిది. జర ఉప్పు డబ్బా తెచ్చియ్యి" అంది.

ఆయన లేచి వంటింట్లోకి వెళ్లాడు. ఒక అల్మారా తలుపు తీసిన చప్పుడు. రెండోది. మూడోది. ఒక గిన్నె కింద పడింది. "ఏమే, ఉప్పు..." అని మెల్లగా అన్నది మాకు వినిపించింది.

నేను మూడు రోజులు గీయాల్సిన గీతలు ఆమె ఒక్క మాటతో గీసేసింది. మా ఫారంలో ఆ ప్రశ్న తర్వాత మొదటి వరసలోకి ఎక్కింది. ఇవాళ మీ ట్యాబ్‌లో తొలి ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు మీకు తెలిసింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి, బూట్లు విప్పీ విప్పకుండా వంటింట్లోకి నడిచాను. ఒక డబ్బా తీశాను, పంచదార. ఇంకోటి తీశాను, బియ్యపు రవ్వ. మూడో డబ్బాలో ఏముందో నాకిప్పటికీ తెలియదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"ఏం వెతుకుతున్నారు?"

"ఉప్పు."

"ఇప్పుడు ఉప్పెందుకండీ?"

"ఆఫీసు పని" అన్నాను.